పున్నమికి లేక్ ఫోర్క్ వెళ్తున్న అల్లుడికి

చి. అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఈ నెల పున్నమికి టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్ చెరువులో రాత్రిపూట బాస్ అనే పెద్దనోటి చేపలు పట్టడానికి వెళ్తానని నువ్వు చెప్పినప్పటి నుంచి మీ అత్తయ్య నా ప్రాణం తీస్తోంది. నా మోకాలు ఆపరేషన్ అయి ఇంకా ఆరు వారాలు కాలేదు, కాబట్టి నేను పడవ ఎక్కే ప్రసక్తే లేదు. ఫోన్‌లో చెప్తే సగం విని మిగతా సగానికి "ఆఁ, ఆఁ" అంటావు. అందుకే రాస్తున్నాను. రెండుసార్లు చదువు.

ఒక్కడివీ వెళ్ళకు. ఇందులో బేరం లేదు. ఈత వచ్చిన ఫ్రెండు ఎవడినైనా తీసుకెళ్ళు. వాడికి గాలం పట్టడం రాకపోయినా ఫరవాలేదు, ఫోన్ పట్టుకుని కూర్చుంటే చాలు.

అసలు రాత్రే ఎందుకంటే, జూలైలో టెక్సాస్ ఎండ నీకు తెలిసిందే. పైనీళ్ళు 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిపోతాయి. పగలంతా జెట్ స్కీలు, స్పీడ్ బోట్లు నీళ్ళని చిలికేస్తుంటాయి. పెద్ద బాస్ లోతుకి దిగి అలిగినట్టు పడి ఉంటుంది. పొద్దుగూకి సందడి తగ్గాక మేతకోసం ఒడ్డు వైపు, నాచు అంచుల్లోకి వస్తుంది. మన ఊరి చెరువులో కొర్రమీను గుర్తుందా? ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర చేప అయింది కదా, అదే. బాస్‌ది కూడా అచ్చం అదే బుద్ధి. మొద్దు పక్కనో తూటికాడల కిందో కదలకుండా మాటు వేస్తుంది, దగ్గరికొచ్చిన దాన్ని ఒక్క గుటకలో మింగుతుంది. పిల్లల్ని కాపలా కాయడంలో కూడా రెండూ ఒకటే. మీ తాతయ్య గాలానికి కప్పను కట్టి నీళ్ళ మీద టపటపలాడించేవాడు. ఇక్కడ వాళ్ళు అదే పని రబ్బరు కప్పతో చేసి దానికి పన్నెండు డాలర్లు తీసుకుంటారు.

ఇక వెన్నెల సంగతి. నువ్వు ఫ్రిజ్ మీద అంటించుకున్న తెలుగు క్యాలెండర్ చూసి పున్నమి అంటున్నావేమో, అందులో ఉండేది ఇండియా టైము. మనం ఇక్కడ వేసవిలో పదిన్నర గంటలు వెనక ఉంటాం, కాబట్టి ఒక్కోసారి మనకి పున్నమి ముందు రోజే వచ్చేస్తుంది. సరిగ్గా పున్నమి నాడే వెళ్ళాలని పట్టుబట్టకు కూడా. పున్నమి నాడు సూర్యుడు అస్తమించే వేళకి చంద్రుడు ఉదయిస్తాడు. ఆ తర్వాత రోజూ ముప్పావుగంటో గంటో ఆలస్యం. తదియ నాడు వెళ్ళావంటే ముందు రెండు గంటలు కటిక చీకట్లో కూర్చోవాలి. చేయి తిరిగిన వాళ్ళకి ఆ చీకటి, ఆ తర్వాత వచ్చే చంద్రోదయం మంచి సమయమే, నాకు చాలా చేపలు ఆ వేళలోనే పడ్డాయి. కానీ నీకిది మొదటిసారి. పున్నమికి ఒకటి రెండు రోజుల ముందు, త్రయోదశికో చతుర్దశికో వెళ్ళు. పొద్దు గుంకే సరికే చంద్రుడు తూర్పున పైకొచ్చి ఉంటాడు. ఒక్క నిమిషం కూడా పూర్తి చీకటి ఉండదు. అర్ధరాత్రి దాటాక ఎలాగూ ఇంటికొచ్చేస్తావు.

ఇంకో సంగతి. వేసవిలో పున్నమి చంద్రుడు నడినెత్తికి రాడు, దక్షిణాన కిందుగానే నడిచి వెళ్ళిపోతాడు. అందుకని నీడలు పొడుగ్గా పడతాయి. ఆ చెరువు నిండా మునిగిపోయిన అడవి ఉంది. 1980లో ఆనకట్ట పూర్తయ్యాక నీళ్ళు నిండి చెట్లు మోడులై అలాగే నిలబడిపోయాయి. ప్రతి మోడుకీ ఒక వైపు వెన్నెల, ఒక వైపు నల్లటి నీడ. బాస్ ఆ నీడలో ఉంటుంది. ఎరని నేరుగా నీడలో వెయ్యకు. దాన్ని దాటించి అవతలి వెలుగులో వేసి, నెమ్మదిగా నీడలోంచి లాక్కురా. చంద్రుడు నీ వీపు వెనక ఉంటే మాత్రం నీ నీడే పోయి చేప మీద పడుతుంది, అప్పుడు పడవని కాస్త పక్కకి తిప్పుకో.

ఆ చెరువు ఇరవై ఏడు వేల ఎకరాలు. అంతా తిరగాలని చూడకు. సాయంత్రం ఆరింటికల్లా పడవని నీళ్ళలోకి దించే ర్యాంప్ దగ్గర ఉండు, ఎనిమిదిన్నర దాటేదాకా వెలుతురు ఉంటుంది. ఆ రెండు గంటలూ చేపలు పట్టకుండా ఒక్క చిన్న వంపు ఎంచుకుని చుట్టూ తిరిగి చూడు. ఏ మోడు ఎక్కడుంది, నాచు అంచు ఎక్కడ మొదలవుతుంది, ఒడ్డు ఎక్కడ ఒక్కసారిగా లోతుకి దిగుతుంది, అన్నీ ఫోన్‌లో గుర్తు పెట్టుకో. పగలు చూడని చోటుకి రాత్రి పోవద్దు. బోట్లకి బోయాలు (నీళ్ళ మీద తేలే గుర్తులు) పెట్టి దారులు ఉంచారు, వాటిలోంచే వెళ్ళు. రాత్రి పెద్ద మోటార్ మీద నడక వేగానికి మించి పోకు. నీళ్ళ పైకి కనిపించే మోడుతో ప్రమాదం లేదు, అంగుళం కింద దాక్కున్నదే పడవని బద్దలు కొడుతుంది.

సామాను తక్కువ తీసుకెళ్ళు. రెండు రాడ్లు చాలు. చీకట్లో ముడులు వేసుకుంటూ కూర్చోవడం కంటే చిరాకు ఇంకోటి లేదు, అందుకని రెండిటికీ ఎరలు ఇంట్లోనే కట్టేసుకో. ఒకదానికి నల్ల స్పిన్నర్‌బెయిట్, అంటే తిరిగే రేకు ఉన్న ఎర, గుండ్రటి కొలరాడో బ్లేడు (రేకు) ఒక్కటే ఉన్నది. అది నీళ్ళలో దడదడలాడుతూ వస్తుంది. చేపకి ఒంటి పక్కన ఉండే గీతకి ఆ అదురు తెలుస్తుంది, కళ్ళకి కనిపించకపోయినా వెతుక్కుంటూ వస్తుంది. రెండోదానికి పది అంగుళాల ప్లాస్టిక్ వానపాము, టెక్సాస్ రిగ్‌లో, అంటే గాలం మొన దాని ఒంట్లోనే దాగి ఉండేలా కట్టి. రంగు నలుపు, లేకపోతే నలుపూ నీలం కలిసింది. చీకట్లో నల్ల ఎర ఏంటని నవ్వకు. చేప కింద నుంచి పైకి చూస్తుంది, వెన్నెల ఆకాశం ముందు నల్లది కనిపించినట్టు తెల్లది కనిపించదు. దోమల మందు చేతులకి రాసుకున్నాక అరచేతులు మాత్రం సబ్బుతో కడుక్కో. అందులో ఉండే డీట్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. ఒకసారి నా డబ్బాలో వానపాములన్నీ అతుక్కుపోయి హల్వా ముద్ద అయ్యాయి.

తలకి పెట్టుకునే లైటు ఎర్రది కొనుక్కో. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, తెల్లలైటు ఒక్కసారి వేస్తే అంతా పోయినట్టే. ఫోన్ కూడా అంతే, పడవలో ఇన్‌స్టాగ్రామ్ తెరిచావంటే అర్ధగంట గుడ్డివాడివి.

ఇప్పుడు అసలు విషయం. రాత్రి వేట చేత్తో చేసేది, కళ్ళతో కాదు. వానపాముని అడుగున మెల్లగా జరుపుతున్నప్పుడు దారం చూపుడు వేలి మీద ఆనించి పెట్టుకో, నులక మంచం బిగువు చూసినట్టు. గులకరాళ్ళ మీద పోతే టికటికమంటుంది. మోడు కొమ్మ తగిలితే మెత్తగా బరువెక్కుతుంది. నాచులో పడితే సాగినట్టుంటుంది. చేప పట్టినప్పుడు ఒక్కటే "టప్" అంటుంది, అంతే. లేకపోతే ఏమీ తెలియకుండా దారం పక్కకి జరిగిపోతుంది. పగలు నువ్వు లాక్కునే వేగంలో సగం చెయ్యి, అది కూడా ఎక్కువేమో అనిపించేంత నెమ్మదిగా.

పైన తేలే ఎర వేస్తే ఇంకో ప్రమాదం. నా మొదటి రాత్రి జరిగింది చెప్తాను. నిశ్శబ్దంగా ఉంది, ఎర గుడగుడమంటూ వస్తోంది. ఉన్నట్టుండి ఎవరో నీళ్ళలోకి ఇటుక విసిరినట్టు చప్పుడు. గుండె జారిపోయి రాడ్‌ని బలమంతా పెట్టి వెనక్కి లాగాను. చేప ఇంకా ఎరని పట్టనే లేదు. మూడేసి ముళ్ళ గాలాలు రెండున్న ఆ ఎర చీకట్లోంచి ఎగిరొచ్చి నా ఎడమ చెవి తమ్మెకి గుచ్చుకుంది. తెల్లవారుజామున ఎమర్జెన్సీ రూమ్‌లో నర్సు నవ్వు ఆపుకుంటూ "చేప పెద్దదేనా?" అని అడిగింది. అందుకని చప్పుడు విని లాగకు. రాడ్ చివర బరువు తెలిసేదాకా ఆగి, అప్పుడు లాగు. రంగులేని అద్దాలు పెట్టుకోవడం మర్చిపోకు, చెవికి పడింది కంటికి పడి ఉంటే ఈ ఉత్తరం మీ అత్తయ్య రాసేది.

పడవ లైట్లు సాయంత్రమే వేసి చూసుకో. ముందు ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు ఆకుపచ్చ, వెనక తెల్లది. ఒకచోట ఆగి చేపలు పడుతున్నా తెల్ల లైటు వెలుగుతూనే ఉండాలి. పురుగులొస్తున్నాయని ఆర్పేవాళ్ళని చూశాను, వాళ్ళ ఖర్మ. లైఫ్ జాకెట్ వేసుకునే ఉండు, సీటు కింద పెట్టి కాదు. కిల్ స్విచ్ తాడు (నువ్వు నీళ్ళలో పడితే మోటార్‌ని ఆపేది) ఒంటికి తగిలించుకో, 2021 నుంచి అది ఫెడరల్ చట్టం కూడా. నువ్వు 1993 సెప్టెంబరు తర్వాత పుట్టినవాడివి కాబట్టి 15 హార్స్‌పవర్ దాటిన మోటార్ నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఉండాలి. ఆన్‌లైన్‌లో ఒక పూట పని. చేపల లైసెన్సు మామూలుది ఆగస్టు 31తో అయిపోతుంది, కొనేటప్పుడు చూసుకో. దూరంగా మెరుపు కనిపించినా రాడ్లు కింద పెట్టి ఒడ్డుకి వచ్చెయ్యి, గ్రాఫైట్ రాడ్ పట్టుకుని నిలబడితే పిడుగుని పిలిచినట్టే. ఒడ్డున దిగేచోట టార్చి వేసి చూసి కాలు పెట్టు, కాటన్‌మౌత్ పాములుంటాయి, విషం ఉన్నవి.

చేప పడితే కింది పెదవిని బొటనవేలు లోపల, మిగతా వేళ్ళు బయట పెట్టి పట్టుకో. కరవదు, ఉప్పుకాగితంలా గరగరలాడుతుందంతే. నాలుగు పౌన్లు దాటినదైతే రెండో చేయి కడుపు కింద పెట్టు, దవడ మీదే వేలాడదీస్తే దెబ్బతినొచ్చు. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్ ఏదైనా వదిలెయ్యాల్సిందే. రోజుకి ఐదు తీసుకోవచ్చు, అందులో 24 దాటింది ఒక్కటే. ఆ నీళ్ళ వేడికి చేప త్వరగా అలిసిపోతుంది. కాబట్టి ఫొటో ఒక్కటే తీసి, మళ్ళీ నీళ్ళలో పెట్టి, అదే విదిలించుకుని వెళ్ళేదాకా పట్టుకో. పులుసు మీద ఆశ ఉంటే బాస్ జోలికి వెళ్ళకు, క్యాట్‌ఫిష్ వంద రెట్లు నయం.

రికార్డు చేప పడుతుందని కలలు కనకు. ఆ చెరువులో 1986లో పడ్డ 17.67 పౌన్లదీ, 1992లో పడ్డ 18.18 పౌన్లదీ రెండూ చలికాలంలో పడ్డవే. ఆ రెండోది ఇప్పటికీ టెక్సాస్ రికార్డు. దాన్ని పట్టినాయన బాస్ కోసం వెళ్ళనే లేదు, క్రాపీ అనే ఇంకో రకం చేప కోసం చిన్న చేపని ఎరగా వేసి కూర్చున్నాడు. నీకు రాత్రంతా కలిపి మూడు చేపలు పడితే మంచి రాత్రి అనుకో. ఒక్కటీ పడకపోయినా నాకు అబద్ధం చెప్పకు, నేను కనిపెట్టేస్తాను.

నా నల్ల స్పిన్నర్‌బెయిట్లు గ్యారేజీలో ఆకుపచ్చ డబ్బాలో ఉన్నాయి. శుక్రవారం వచ్చి తీసుకెళ్ళు. చెవికి గుచ్చుకున్న ఎర కూడా అందులోనే ఉంది, దాన్ని మాత్రం ముట్టుకోకు. మీ అత్తయ్య పులిహోర కట్టిస్తానంది. పడవ ట్రైలర్ ఎక్కగానే ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా సరే, ఇద్దరం మేలుకునే ఉంటాం.

మీ మామయ్య