పుంజు లేకుండా గుడ్లు పెడతాయా?

ప్రశ్న: పెరట్లో రెండు పెట్టల్ని పెంచుదామని మా అమ్మాయి ఒకటే గొడవ. పుంజు లేకపోతే గుడ్లు పెట్టవంటున్నారు అత్తయ్యగారు. నిజమేనా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: గుడ్డుకు పుంజుతో పని లేదండీ. పిల్లల్ని తీయించాలంటేనే అది కావాలి. తెల్లారకముందే కూత లేకపోతే పక్కింటివాళ్లతో పేచీ కూడా ఉండదు.

మా ఇంట్లో ఒక ఎర్రపెట్ట, ఒక చుక్కలపెట్ట ఉన్నాయి. గుడ్డు పెట్టేది చుక్కలది, ఊరంతా వినేలా అరిచేది ఎర్రది! మధ్యాహ్నం జామచెట్టు కింద గుంట చేసుకుని రెండూ మట్టిలో పొర్లుతాయి. మొదటిసారి చూసి ఫిట్స్ వచ్చాయేమోనని హడలిపోయాను. తీరా చూస్తే అది వాటి స్నానం, ఈకల్లో పేలు వదిలించుకోవడానికట. మొన్న వేసవిలో ఎర్రది గుడ్డు లేని ఉత్త గడ్డి మీద పొదగడానికి కూర్చుంది. పుంజు కలిసిన గుడ్లుంటే 21 రోజుల్లో పిల్లలయ్యేవి. లేవదీయబోతే నా చెయ్యి పొడిచింది.

మీరు నాటుకోళ్లే తెచ్చుకోవచ్చు, లేదా హైదరాబాద్ కోళ్ల పరిశోధన సంస్థవాళ్లు పెరటి పెంపకం కోసమే రూపొందించిన వనరాజా రకం కోళ్లు తీసుకోవచ్చు. ఒక్కదాన్నే మాత్రం తేకండి, అవి గుంపులో బతికే జీవాలు. నూకలకు తోడు నలగ్గొట్టిన ఆల్చిప్పలు వేస్తే గుడ్డు పెంకు గట్టిగా ఉంటుంది. కొక్కెర తెగులు టీకా గురించి పశువుల ఆసుపత్రిలో అడగండి. రాత్రిళ్లు గూటికి గడియ మరవకండి, ముంగిసలతో టెన్షన్.

కొత్తిమీర మడి ఉంటే మటుకు ఇవాళే కోసేసి పచ్చడి చేసుకోండి.