గ్లాస్గో ముసురులో పరుగు: ఏం తొడుక్కోవాలి, ఏం కొనకూడదు

చిన్నీ,

ఈ చలికాలం జిమ్‌లో కాకుండా బయటే పరుగెత్తుతానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. భేషుగ్గా పరుగెత్తు. కానీ హైదరాబాద్ నుంచి పెట్టెలో తెచ్చుకున్న కాటన్ టీషర్టులు, స్వెటరు, రెయిన్‌కోటు మాత్రం క్లాసుకే ఉంచుకో. పరుగుకి ఆ మూడూ పనికిరావు.

మన దగ్గర వాన గంటసేపు దంచి వెళ్లిపోతుంది, కాసేపటికి ఒళ్లూ ఆరిపోతుంది. గ్లాస్గోలో పట్టేది ముసురు, పైగా ఈదురుగాలి తోడు. జనవరిలో పగలు 6, 7 డిగ్రీలుంటే రాత్రి 2కి దిగుతుంది. గడ్డకట్టే చలికన్నా ఈ తడి చలే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మంచు దులిపితే రాలిపోతుంది, 5 డిగ్రీల వాన బట్టలోకి ఇంకుతుంది. నీరు గాలికన్నా పాతిక రెట్ల వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. అరగంట దాటిన పరుగులో వాన తప్పించుకున్నా చెమట తప్పదు, అంటే ఎలాగూ తడుస్తావు. అందుకని తడిసినా వెచ్చగా ఉండే బట్టలు కొను.

ఒంటికి ఆనుకునే బట్టతో మొదలుపెట్టు, డబ్బు పెట్టాల్సింది ముందు అక్కడే. కాటన్ నీళ్లు పీల్చి వదలదు, బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది. పాలిస్టర్ దాదాపు నీళ్లే పీల్చదు, త్వరగా ఆరుతుంది, చవక కూడా. కాకపోతే రెండుసార్లు తొడిగితే కంపు. మెరినో గొర్రెల సన్నటి ఉన్ని తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు, వాసనా తక్కువ. కొనేటప్పుడు లేబుల్ మీద 150 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములో చెప్పే అంకె) దగ్గర ఉన్నది చూడు, 200 దాటితే పరుగుకి ఉక్కపోస్తుంది. ధర ఎక్కువ కాబట్టి మెరినో ఒకటి, పాలిస్టర్ రెండు చాలు. బట్ట ఒంటికి అంటుకుని ఉండాలి. వదులైతే మధ్యలో చల్లగాలి ఆడుతుంది, తడిసిన మడత చర్మాన్ని ఒరుస్తుంది. స్పోర్ట్స్ బ్రా కూడా కాటన్ లేనిదే తీసుకో, అది తడిగా మిగిలితే పైన ఎన్ని తొడిగినా గుండెల దగ్గర చలి వదలదు.

ఎన్ని పొరలు వేసుకోవాలో తేల్చడానికి ఒక లెక్క ఉంది. ఫోన్‌లో చూపించే ఉష్ణోగ్రతకి 10 డిగ్రీలు కలిపి, అంత వేడిలో నడవడానికి ఏం వేసుకుంటావో అదే వేసుకో. గుమ్మం దాటగానే కాస్త వణుకు రావాలి, పది నిమిషాల్లో సర్దుకుంటుంది. గుమ్మంలోనే హాయిగా ఉందంటే రెండో కిలోమీటరుకే చెమటతో తడిసి, సిగ్నల్ దగ్గర ఆగగానే గడగడలాడతావు. ఫోన్‌లో 10 డిగ్రీల దగ్గర చూపిస్తే ఫుల్ చేతుల పొర ఒకటి, లెగ్గింగ్స్, క్యాప్. 5 నుంచి 9 మధ్య వాన ఉంటే దాని మీద పల్చటి జాకెట్, చేతులకి గ్లవ్స్. అంతకన్నా తగ్గితే జాకెట్ కింద ఇంకో పల్చటి పొర, మెడకి బఫ్, అంటే గొట్టంలా ఉండే మెడపట్టీ. లావు పొర ఒకటి కన్నా పల్చనివి రెండు నయం, మధ్యలో ఒకటి విప్పుకోవచ్చు. గాలి ఎంత ఉందో కూడా చూసుకుని బయలుదేరు. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లి, వచ్చేటప్పుడు గాలి వీపుకి తగిలేలా దారి పెట్టుకుంటే చెమట పట్టిన ఒంటికి ఎదురుగాలి కొట్టదు.

జాకెట్ దగ్గరే జనం ఎక్కువ డబ్బు తగలేస్తారు. వాటర్‌ప్రూఫ్ అంకె, అంటే 10,000 మిల్లీమీటర్లు అని రాసేది, బట్ట ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపుతుందో చెప్తుంది. పరుగుకి 10,000 సరిపోతుంది. 20,000 ఉన్నది కొండలెక్కేవాళ్లకి. దాని పక్కనే చెమట ఆవిరి ఎంత బయటికి పోతుందో చెప్పే అంకె ఇంకోటి ఉంటుంది, అది 15,000 దాటితే మంచిది. అయితే ఆ అంకెలు ప్రయోగశాలవి. బయటి గాలే తేమతో నిండి ఉన్నప్పుడు ఏ పొరలోంచీ ఆవిరి సరిగా పోదు. అందుకే చంకల కింద జిప్పులు, వీపు మీద చిల్లుల పట్టీ ఉన్నాయో లేదో చూడు, నా మటుకు అంకెలకన్నా అవే ముఖ్యం. కుట్ల లోపలివైపు టేపు అంటించి ఉండాలి, లేకపోతే నీళ్లు భుజాల కుట్ల నుంచే దిగుతాయి. మామూలు తుంపరకి ఇవేమీ అక్కర్లేదు, గుప్పెట్లో ఇమిడే చవక విండ్ జాకెట్ చాలు.

కొత్త జాకెట్ మీద నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి. కొన్నాళ్లకి పై బట్ట తడిసి నల్లబడుతుంది, అప్పుడు జాకెట్ కారుతోందనుకుంటారు. నిజానికి లోపల ఉన్నది చెమటే, పై బట్ట నానితే ఆవిరికి దారి మూసుకుపోతుంది. జాకెట్‌ని మామూలు పౌడర్‌తో, ఫాబ్రిక్ సాఫ్టెనర్‌తో ఉతక్కు. నిక్‌వ్యాక్స్ లాంటి ప్రత్యేక ద్రావణంతో ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయర్‌లో తక్కువ వేడి మీద 20 నిమిషాలు తిప్పు. చాలాసార్లు పాత గుణం తిరిగొస్తుంది.

చేతివేళ్లు ముందు మొద్దుబారతాయి. పల్చటి గ్లవ్స్ చాలు, జోరువానకి పైన తొడగడానికి నీళ్లు దిగని మిట్టెన్స్ ఉంచుకో. వేళ్లన్నీ ఒకచోట ఉంటే వెచ్చగా ఉంటాయి. గ్లవ్స్ అంచు జాకెట్ చేతి లోపలికి పోవాలి. ముందు అంచు ఉన్న క్యాప్ పెట్టుకుంటే కళ్లలో వాన పడదు, కళ్లజోడు ఉన్న నీకు అది తప్పనిసరి. జడ బిగించి వేసుకో, తడిసిన జుట్టు మెడ మీద కొడుతుంటే చలి రెట్టింపు.

తడిలో రాపిడి ఎక్కువ. తొడల లోపలివైపు, చంకలు, బ్రా పట్టీ కింద వ్యాజిలిన్ పట్టించు. కొబ్బరినూనె నమ్ముకోకు. 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, ఒంటి వేడికి కరిగినా వాన నీళ్లకి వ్యాజిలిన్ అంతసేపు నిలవదు.

ఇక షూస్. నీళ్లు రాని షూస్ కొనాలని ఎవరికైనా అనిపిస్తుంది. గోర్‌టెక్స్ లాంటి పొర పై నుంచి వచ్చే నీళ్లని ఆపుతుంది, కానీ జోరువానలో కాలి మీదుగా కారిన నీళ్లు చీలమండ దగ్గర లోపలికి దిగుతాయి. దిగినవి బయటికి పోయే దారి ఉండదు, పరుగంతా బకెట్టులో కాళ్లు పెట్టుకున్నట్టే. తడి గడ్డిలో పొట్టి పరుగుకి అవి బాగుంటాయి. రోజూ పరుగెత్తడానికి జాలీ ఉన్న మామూలు షూసే మేలు, నీళ్లు వచ్చినా పోతాయి. సాక్సులు కూడా పల్చటి ఉన్ని లేదా సింథటిక్‌వే. కాటన్ సాక్సులు నానితే మడతలు పడి బొబ్బలు లేస్తాయి.

షూ తిప్పి అడుగు చూడు. మెత్తటి ఫోమ్ బయటపడి, అక్కడక్కడా రబ్బరు ముక్కలు అంటించినవైతే వద్దు, తడి రాళ్ల మీద జారతాయి. అడుగంతా రబ్బరు పరిచినవి తీసుకో. పోలక్ పార్క్ బురద దారులకి 4, 5 మిల్లీమీటర్ల పళ్లున్న ట్రెయిల్ షూస్ బాగా పట్టుకుంటాయి, తారురోడ్డు మీద అవే పళ్లు త్వరగా అరుగుతాయి. రాలిన ఆకులు, ఇనుప మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీది తెల్ల గీతలు, చెక్క వంతెనలు ఏ రబ్బరుకీ లొంగవు. అక్కడ అంగలు చిన్నవి చేసి, మలుపులు నెమ్మదిగా తిరుగు. సైజు సాయంత్రం చూసుకో, అప్పటికి పాదం కాస్త ఉబ్బుతుంది. పరుగు సాక్సులు వేసుకునే తొడుగు, పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మన షూ సైజులూ యూకే సైజులూ చాలావరకు ఒకటే, రోజూ వేసుకునేదానికన్నా అర సైజు నుంచి ఒక సైజు పెద్దది తీసుకో.

డిసెంబర్‌లో తెల్లవారేసరికి ఎనిమిదీ ముప్పావు, పొద్దుగుంకడం మూడూ ముప్పావుకే. అంటే నీ పరుగు సగం చీకట్లోనే. నల్ల జాకెట్ వద్దు. మెరిసే పట్టీలు ఛాతీకన్నా చీలమండలకి కట్టు, కదిలే కాలు డ్రైవర్‌కి ముందే కనబడుతుంది. నీళ్లు తట్టుకునే హెడ్‌ల్యాంప్ ఒకటి కొనుక్కో. ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ గట్టు మీద చీకటి పడ్డాక పరుగెత్తకు. ఉష్ణోగ్రత సున్నా దాటి దిగి, నిన్నటి నీళ్లు గడ్డకట్టిన పొద్దున ట్రెడ్‌మిల్ ఎక్కడంలో సిగ్గేం లేదు.

తిరిగొచ్చాక అయిదు నిమిషాల్లో అన్నీ విప్పి పొడి బట్టలు తొడుక్కో. ఆగగానే ఒళ్లు వేడి పుట్టించడం తగ్గిస్తుంది, తడిబట్ట మాత్రం లాగేస్తూనే ఉంటుంది. వేడిగా ఏదైనా తాగు. వణుకు తగ్గకపోయినా, తాళంచెవి తిప్పడానికి వేళ్లు సహకరించకపోయినా ఇంట్లోవాళ్లని పిలువు. మాట తడబడి మనిషి అయోమయంగా మారితే అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయాలి, ఇది నీ రూమ్‌మేట్‌లకి కూడా చెప్పి ఉంచు. బస్సు కార్డు, ఫోను జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకునే వెళ్లు.

షూస్ లోపలి అట్ట తీసి, పాత పేపరు కుక్కు. గంటకి ఒకసారి పేపరు మార్చు, పడుకునే ముందు చివరిసారి. రేడియేటర్ మీద పెట్టావంటే జిగురు ఊడుతుంది, ఫోమ్ గట్టిపడుతుంది. రెండు జతలు మార్చి మార్చి వాడితే దేనికదే పూర్తిగా ఆరుతుంది.

ఈ వారం కొనాల్సినవి ఈ వరసలో: సాక్సులు రెండు జతలు, పాలిస్టర్ పొరలు రెండు, గ్లవ్స్, క్యాప్, మెరిసే పట్టీలు. జాకెట్ మాత్రం జనవరి సేల్ దాకా ఆపు, అప్పటిదాకా చవక విండ్ జాకెట్‌తో లాగించెయ్. పరుగుకి తోడు కావాలంటే శనివారం పొద్దున 9:30కి పోలక్ పార్క్‌లో పార్క్‌రన్ ఉంటుంది. 5 కిలోమీటర్లు, డబ్బు కట్టక్కర్లేదు, ముందే పేరు నమోదు చేసుకుని బార్‌కోడ్ పట్టుకెళ్లు.

మీ పిన్ని