నదిని చూస్తే దైవం అనిపిస్తోంది, విక్కాలో చేరాలా, డ్రూయిడ్రీలోనా?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. మిమ్మల్ని చూసి కాదు లెండి, పదకొండేళ్ల కిందటి నేను గుర్తొచ్చి. గుడిలో గంటసేపు నిలబడినా ఏమీ అనిపించదనీ, తెల్లవారుజామున సీతానగరం ఘాట్‌లో కూర్చుంటే మాత్రం కళ్లు చెమరుస్తాయనీ రాశారు. మంత్రాల మీద నమ్మకం లేదన్నారు. ప్రకృతిని పూజించే పాశ్చాత్య మతాలైన విక్కాలో చేరాలా, డ్రూయిడ్రీలోనా, ఇంట్లో చెప్పాలా వద్దా అని అడిగారు. నేను బెజవాడలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతాను. గురువును కాను. నా అనుభవం మాత్రమే చెప్పగలను.

అందరిలాగే నేనూ మొదట విక్కా దగ్గరే ఆగాను, దాని గురించే ఎక్కువ దొరుకుతుంది కాబట్టి. అది వేల ఏళ్ల నాటి మతమని ఎవరైనా చెబితే నమ్మకండి. బ్రిటన్‌లో మంత్రవిద్య చట్టం 1951లో రద్దయ్యాక, 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఇంగ్లీషాయన దాని గురించి పుస్తకం వేశాకే లోకానికి తెలిసింది. కొత్తదైనంత మాత్రాన తప్పేం లేదు, పాతదని చెప్పి అమ్మడమే తప్పు. ఒక దేవి, ఒక దేవుడు, చంద్రుడి కళలు, ఏడాదికి ఎనిమిది పండుగలు, కొంత మంత్రక్రియ ఉంటాయి. గార్డ్‌నర్ సంప్రదాయంలో ఒకరు దీక్ష ఇస్తేనే లోపలికి రానిస్తారు. సొంతంగా చేసుకునేవాళ్లూ చాలామందే ఉన్నారు.

నేనూ సొంతంగానే మొదలుపెట్టాను. అప్పుడు భవానీపురంలో మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. మే 1న బెల్టేన్ పండుగ, నిప్పు వెలిగించాలి. సాయంత్రం ఆరున్నరకి కూడా డాబా కాళ్లు కాల్చేస్తోంది. ఉప్పుతో గుండ్రంగా గీత గీసి, నాలుగు దిక్కులా కొవ్వొత్తులు పెట్టి, మధ్యలో మట్టి మూకుడులో నిప్పు రాజేశాను. కొవ్వొత్తులు వెలిగించకముందే వంగిపోయాయి. సరిగ్గా అప్పుడే ఇంటావిడ ఎండిన వడియాలు తీసుకుపోవడానికి పైకొచ్చారు. ఉప్పు గీత వైపు చూశారు, నా వైపు చూశారు. "ఎవరి మీదమ్మా ఇది?" అన్నారు, గొంతు తగ్గించి.

రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేశాను. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నా గానీ ఇది నవ్వులాట కాదు. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్లు మన తెలుగునేల మీదే ఉన్నాయి. విచ్ (మంత్రగత్తె) అన్న మాట ఇంగ్లీషులో ఎంత అందంగా వినిపించినా, మన వీధిలో దానికి ఒకటే అర్థం. ఫొటోలు తీసి స్టేటస్ పెట్టకండి.

ఆ రోజు నాకు తట్టింది ఇంకొకటుంది. బెల్టేన్ ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల పండుగ. చలికాలం గడిచి, పశువుల్ని వేసవి మేతకు తోలేముందు వాటిని రెండు మంటల మధ్య నుంచి నడిపించేవారు. అక్కడ ఎండ రావడం పండుగే. బెజవాడలో మే నెలలో ఎండ వచ్చిందని మంట వేసుకోవడం ఏమిటి చెప్పండి! ప్రకృతిని పూజిస్తున్నాననుకుంటూ నా కాళ్లు కాలుస్తున్న ప్రకృతినే పట్టించుకోలేదు.

తర్వాత ఇంకో తెలివితక్కువ పని చేశాను. ఆన్‌లైన్‌లో దీక్ష ఇస్తామన్న ఒకరికి ఆరు వేలు కట్టాను. నాలుగు పీడీఎఫ్‌లు, రంగురాళ్ల జాబితా ఒకటి వచ్చాయి. వైట్ సేజ్ కట్ట కొనమన్నారు. అది అమెరికా ఆదివాసులు పవిత్రంగా వాడుకునే ఆకు, వాళ్లది. మనింట్లో సాంబ్రాణి ఉండగా దాన్ని ఓడెక్కించి తెప్పించుకోవడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక డ్రూయిడ్రీ. పాత డ్రూయిడ్‌లు, అంటే ప్రాచీన కెల్టిక్ జాతుల పూజారులు, తమ గురించి తాము ఏమీ రాసి పెట్టలేదు, తెలిసినదాంట్లో చాలావరకు రోమన్ సేనాని సీజర్ లాంటి బయటివాళ్లు రాసిందే. ఇప్పుడున్నది పద్దెనిమిదో శతాబ్దం నుంచి మళ్లీ అల్లుకుంటూ వచ్చినది. 1964లో రాస్ నికోల్స్ మొదలుపెట్టిన ఆర్డర్ ఆఫ్ బార్డ్స్, ఓవేట్స్ అండ్ డ్రూయిడ్స్ అనే సంస్థ ఇంటి దగ్గర కూర్చునే నేర్చుకునేలా పాఠాలు పంపుతుంది. ఒక దేవుడన్నా, పదిమందన్నా, అసలు లేడన్నా అభ్యంతరం లేదు. చెట్టునీ, చోటునీ, కవిత్వాన్నీ పట్టించుకుంటే చాలు. పాత ఉత్తర ఐరోపా దేవుళ్లను కొలిచే, ఐస్‌లాండ్‌లో 1972లో మళ్లీ లేచిన ఆసాత్రూ కూడా ఉంది గానీ, థోర్, ఓడిన్ పేర్లు వింటే మీకు ఏమీ కదలకపోతే దాన్ని వదిలేయండి.

పేరు ఎంచుకునే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: ఆ ఘాట్‌లో కళ్లు చెమర్చినప్పుడు మీ ఎదురుగా ఉన్నది ఎవరు? కృష్ణానది తానే ఒక మనిషిలా ఉందా, నీళ్లలో ఒక దేవత ఉందా, నదీ మీరూ కొండా అంతా ఒకటేనా, లేక అది వట్టి నీళ్లేనని తెలిసి కూడా గుండె నిండిపోతోందా? నాకు చివరిదే, సైన్స్ చదివినదాన్ని కదా. అందుకే దేవీదేవుడి జంటా, మంత్రక్రియా ఉన్న విక్కా నాకు ఇరుకైంది. మీకూ మంత్రాల మీద నమ్మకం లేదంటున్నారు కాబట్టి, నా ఓటు డ్రూయిడ్రీకే. అదీ చేరడానికి కాదు, దాని పద్ధతి చూసి నేర్చుకోవడానికి.

"మనది మొదటి నుంచీ ప్రకృతి పూజే కదా, పరాయి మతాలెందుకు" అని మీకు చాలామంది చెబుతారు. సగం నిజం. ఈ ప్రకృతి మతాలన్నిటికీ కలిపి వాడే పాగన్ అన్న మాట పుట్టిన లాటిన్ మూలానికి అర్థం పల్లెటూరివాడనే. అది తెలిసి నేను ఉత్సాహంగా దుగ్గిరాల దగ్గర మా నానమ్మ వాళ్ల ఊరికి, పోలేరమ్మ కొలుపులకు వెళ్లాను. వేపచెట్టు కింద పసుపు రాసిన రాయి, వేపమండలు, చలివిడి. ఇదే నా దారి అనుకున్నాను. ఘటం కుండ పక్కన నిలబడబోతే ఒక ముసలాయన "నువ్వు ఏ ఇంటి పిల్లవమ్మా?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. కుండ ఎత్తేది ఒక ఇంటివాళ్లు, డప్పు ఇంకొకరిది, వేట కోసేది మరొకరు. మశూచి నుంచి, కరువు నుంచి ఊరిని కాచిన తల్లి ఆమె, నా మనశ్శాంతి కోసం వెలిసింది కాదు. అక్కడ నేను చుట్టాన్ని. ఇప్పటికీ వెళ్తాను, వెనక వరుసలో నిలబడతాను.

మరి ఏం చేస్తున్నానంటే, కార్తెలు పట్టుకున్నాను. ఎనిమిది పండుగల చక్రం మనకెందుకు, రైతులకి ఇరవై ఏడు కార్తెలు ఎప్పటినుంచో ఉన్నాయిగా! ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, మేడ మీద నిలబడితే నిజమే. బందరు కాలువ గట్టు మీద ఒక వేపచెట్టును ఎంచుకున్నాను. ప్రతి కార్తెకూ ఒక పొద్దున అక్కడ కాసేపు కూర్చుని, చూసింది నోట్‌బుక్‌లో రాస్తాను. కాలువ కట్టేసినప్పటి బురద వాసన, నీళ్లు వదిలిన రోజు, వేపపూత, పిట్టలు. వచ్చేటప్పుడు ప్లాస్టిక్ కవర్లు ఏరుకొస్తాను, నా పూజ అంతే. సాయంత్రాలు బ్యారేజీ మీద పడమటికి తిరిగి నిలబడితే, పొద్దు గుంకే చోటు జూన్‌లో కుడికీ, డిసెంబరులో ఎడమకీ జరగడం కనిపిస్తుంది. డిసెంబరు 21 ప్రాంతంలో అది ఆగి వెనక్కి తిరుగుతుంది. విక్కావాళ్లు ఎనిమిది పండుగల్లో ఒకటైన యూల్ జరిపేది అప్పుడే.

ఇంట్లో చెప్పాలా అన్నారు. మా అమ్మ తులసికి నీళ్లు పోస్తుంది, నేను వేపచెట్టు దగ్గర కూర్చుంటాను. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద ఇద్దరం కలిసే తింటాం. దీనికి ఏ పేరు పెట్టాలో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. మీవాళ్లు అడిగితే దాచకండి, అడగకపోతే మతం మారానని ప్రకటించి వాళ్లకి టెన్షన్ పెట్టకండి.

ముందు ఒక ఏడాది చూడండి, దీక్షలు ఎక్కడికీ పోవు. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది, అటు విక్కావాళ్ల నడివేసవి పండుగ లీథా కూడా ఆ పక్కనే. మంచి వాన పడిన మర్నాడు ఉండవల్లి వైపు పొలం గట్ల మీద వెతకండి. మఖమల్ ముక్కలు రాలినట్టు ఎర్రగా ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడుంటాయి. కాసేపు కదలకుండా కూర్చోండి, మళ్లీ నడుస్తాయి.