బెండు మునుగుతోంది, చేప రావడం లేదు

ప్రశ్న: ఆదివారాలు పిల్లల్ని, బావమరిదిని వెంటబెట్టుకుని కొమ్మమూరు కాలువ గట్టుకు వెళ్తున్నాం. ఎర్రలు (వానపాములు) గుచ్చి వేస్తే నీళ్లపైన తేలే బెండు మునుగుతోంది, లాగితే ఖాళీ గాలం వస్తోంది. లోపం ఎక్కడ? (దుగ్గిరాల)

జవాబు: ముందు గాలం చూడండి. మీరు వాడేది 4, 5 నంబర్లయితే కాలువలో తిరిగే పరిగెలు, చిన్న జెల్లల నోట అది పట్టదు. 10 లేదా 12 తీసుకోండి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది, కొట్లో చాలామంది తికమక పడేది ఇక్కడే. ఎర్ర తోక అర సెంటీమీటరుకు మించి వేలాడనివ్వకండి. వేలాడితే చేప ఆ తోక కొరుక్కుని పోతుంది, బెండు మాత్రం మిమ్మల్ని ఊరిస్తుంది.

తర్వాత బెండు. పెద్ద థర్మోకోల్ ముక్క కడితే దాన్ని కిందికి లాగడానికి చేపకు బరువవుతుంది, అనుమానపడి ఎర వదిలేస్తుంది. చిటికెన వేలంత మందం జొన్న బెండు, రెండంగుళాల ముక్క చాలు. గాలానికి జానెడు పైన సీసం గుళ్లు ఒక్కొక్కటే నొక్కుతూ పోండి. బెండు నీళ్లపైన ఒక వేలి వెడల్పున మాత్రమే కనిపించినప్పుడు ఆపండి. తంగూసు (నైలాన్ దారం) 0.20 మి.మీ. మందం సరిపోతుంది. దాని పొడవు కర్ర కంటే మూరెడు తక్కువ ఉంటే పిల్లల చేతికి గాలం తేలిగ్గా అందుతుంది.

లోతు కొలవకుండా వేయడం మరో తప్పు. గాలానికి బరువైన సీసం ముక్క తగిలించి వేయండి. బెండు పూర్తిగా మునిగిపోతే నీళ్లు ఇంకా లోతున్నట్టు, అడ్డంగా పడుకుంటే తంగూసు ఎక్కువైనట్టు. అడుగు దొరికాక ఎర నాలుగు వేళ్లు పైన నిలిచేలా బెండు జరపండి. ఇక లాగడం సంగతి. బెండు టకటకమని ఆడుతున్నంతసేపూ ఆగాలి. అది పక్కకు నడిచి మునిగినప్పుడు మణికట్టు మాత్రం విదిలించండి. భుజం ఎత్తి లాగితే గాలం వెనక చెట్టుకొమ్మలో తేలుతుంది.

ప్రశ్న: కైకలూరు దగ్గర స్నేహితుడి చెరువులో బొచ్చెకు, శీలావతికి పిండి ముద్ద వేస్తున్నాం. నీళ్లలో పడగానే కరిగిపోతోంది. (భవానీపురం)

జవాబు: తవుడుకు జిగురుండదు, మీ ముద్దలో అదే ఎక్కువై ఉంటుంది. రెండు కప్పుల వేయించిన తవుడు, కప్పు వేరుశనగ చెక్క పొడి, అరకప్పు మైదా కలిపి, నీళ్లు చిలకరిస్తూ చపాతీ పిండి కంటే గట్టిగా పిసకండి. తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి. బకెట్ నీళ్లలో ఒక ఉండ వేసి చూస్తే పది నిమిషాలు నిలిచి, తర్వాత విడవాలి. అసలు విడవకపోతే అదీ లోపమే, గాలం మొన ముద్దలోంచి బయటికి రాదు. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున. ముగ్గురు వెళ్తే మూడు లోతుల్లో వేయండి. తంగూసు 0.35 మి.మీ.కి తగ్గకూడదు. ఈమధ్య మేతలో మందులు కలిపారేమో స్నేహితుణ్ణి అడిగాకే కూర సంగతి.

ప్రశ్న: గుర్రపు డెక్క అంచున రబ్బరు కప్ప వేస్తే కొర్రమీను ఎగిరి కొడుతోంది గానీ చిక్కడం లేదు. (మంగళగిరి)

జవాబు: నీళ్లు చిమ్మగానే లాగేస్తున్నారు. దారం బరువెక్కేదాకా ఆగి, అప్పుడు గట్టిగా లాగండి. రబ్బరు గట్టిపడినా ఇదే తంటా: కప్ప నొక్కుకుపోదు, దాని ఒంటికి ఆనుకున్న గాలాలు బయటికి రావు. వేళ్లతో నొక్కి చూసి, మొనలు రెండు మి.మీ. బయటికి వంచండి. తంగూసు సాగుతుంది కాబట్టి డెక్కలో పనికిరాదు, 30 పౌండ్ల బరువు ఆపే అల్లిక దారం వాడండి. కొర్రమీను గాలి మింగడానికి పైకి వస్తుంది. బుడగ లేచిన చోటికి రెండు గజాలు అవతల వేసి దాని మీదుగా లాక్కురండి. ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే అక్కడ వద్దు. కాపలా ఉన్న తల్లిదండ్రులు పోతే ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి.

ప్రశ్న: ఎయిర్‌గన్‌తో కుందేళ్లు, కౌజుల వేటకు రమ్మని మిత్రులు పిలుస్తున్నారు. వెళ్లవచ్చా? (గుంటూరు)

జవాబు: వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. తుపాకీ చిన్నదైనా, ఉచ్చు పెట్టినా వేటే. 2022 సవరణ తర్వాత మామూలు నేరానికే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. కౌజు తినాలనుకుంటే ఫారాల్లో పెంచినవి దొరుకుతాయి. గాలానికి తాబేలు పడినా ఇంటికి తేకూడదు. గాలం లోపలికి మింగి ఉంటే పీకకుండా, తంగూసు నోటి దగ్గర కత్తిరించి వదిలేయండి.

ప్రశ్న: ఇంగిలాయి చేప ముల్లు గుచ్చుకుని పిల్లవాడి చెయ్యి వాచింది. వెంటనే ఏం చేయాలి? (తాడేపల్లి)

జవాబు: ముల్లు ముక్క ఉంటే తీసి, చేతిని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంట నుంచి గంటన్నర ఉంచండి. ఆ ముల్లులో విషం ఉంటుంది, వేడికి అది విరుగుతుంది. పిల్లవాడికి నొప్పిలో వేడి తెలియదు, మీ చెయ్యి ముందు పెట్టి చూడండి. ఐసు పెట్టవద్దు. టెటనస్ ఇంజెక్షన్ వేయించండి. మర్నాటికి వాపు పెరిగినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి. ఈ చేపకు ముళ్లు ఛాతీ రెక్కల దగ్గర రెండు వైపులా ఉంటాయి. అందుకని ఇంగిలాయి పడితే తడిగుడ్డతో తల వెనక నొక్కిపట్టి, గాలం పటకారుతో తీయండి.