టీకా ఎంత పనిచేస్తుందో తెలుసుకోవాలంటే, వేయించుకున్నవాళ్లని వేయించుకోనివాళ్లతో పోల్చి చూస్తే చాలదా?

చాలదు. 1954లో అమెరికాలో జోనాస్ సాక్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన పోలియో టీకా పరీక్షే ఇందుకు మంచి ఉదాహరణ. తల్లిదండ్రులు ఒప్పుకున్న పిల్లలనే చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేశారు. 2,00,745 మందికి టీకా, 2,01,229 మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి సూది. ఎవరికి ఏది పడిందో రోగాన్ని నిర్ధారించే డాక్టరుకీ తెలియదు. తెలిస్తే, అనుమానపు కేసుల్లో ఆయన మొగ్గు ఎటో ఒకవైపు పోతుంది.

లక్షకు పోలియో కేసులు: టీకా గుంపులో 28, ఉత్తుత్తి గుంపులో 71. 28ని 71తో భాగిస్తే 0.39, ఒకటిలోంచి తీసేస్తే 0.61, అంటే 61 శాతం రక్షణ. (టీకా లేనప్పటితో పోలిస్తే కేసులు 61 శాతం తగ్గాయని అర్థం. వందలో మిగతా 39 మందికి పోలియో వస్తుందని కాదు, చాలామంది ఇలాగే పొరబడతారు.)

అసలు తిరకాసు ఒప్పుకోని కుటుంబాల దగ్గరుంది. వాళ్ల పిల్లల్లో లక్షకు 46 కేసులే! వాళ్లతో పోల్చి ఉంటే టీకా బలం 39 శాతంగానే తేలేది. కారణం: ఆ ఇళ్లలో పేదరికం ఎక్కువ, శుభ్రత తక్కువ. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు (రోగక్రిములతో పోరాడే పదార్థాలు) ఇంకా కాపాడుతున్న పసితనంలోనే వైరస్ సోకి, చాలామందికి సొంత రక్షణ వచ్చేసింది. ఆ తేడా టీకాది కాదు, ఇళ్లది.