సర్వర్‌లో కష్టమైంది ఇన్‌స్టాలేషన్ కాదు, మీరు కూర్చున్న కొమ్మ

"బొమ్మల స్క్రీన్ లేని ఉబుంటు సర్వర్‌లో కమాండ్లతోనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, నెట్‌వర్క్ సెట్ చేసుకోవాలి. కొత్తవాళ్లకి కష్టమా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం అసలు పనే కాదండి. సుడో ఏపీటీ అప్‌డేట్ (sudo apt update) ఒకటి, సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ (sudo apt install) అని పక్కన ప్యాకేజీ, అంటే సాఫ్ట్‌వేర్ పేరు ఒకటి. అంతే. ఎప్పుడైనా లాక్ (రెండు ఇన్‌స్టాలేషన్లు ఒకేసారి జరగకుండా వేసే తాళం) దొరకలేదని మొరాయించిందంటే చాలాసార్లు వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోందన్నమాట. టీ తాగి రండి. కొన్ని వీడియోల్లో ఆ లాక్ ఫైల్ తీసి పారేయమంటారు. వంట అవుతుండగా పొయ్యి కింద కట్టెలు లాగేసినట్టు ఉంటుంది, వినకండి.

మనిషిని ఏడిపించేది నెట్‌వర్క్. అందులోనూ దూరం నుంచి చేస్తే, కూర్చున్న కొమ్మని మనమే నరుక్కున్నట్టు.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. 1936లో రాష్ట్రం గీత గీసినప్పుడు అటు పడ్డాం గానీ ఇంట్లో తెలుగే, బజార్లో రెండూ. నేనుండేది గుణుపురంలో. మావయ్యకి పర్లాకిమిడిలో హోల్‌సేల్ కిరాణా కొట్టు. మెట్ల కింద పాత కంప్యూటర్ ఒకటి పెట్టి, ఉబుంటు సర్వర్ వేసి, మూడు బిల్లింగ్ కంప్యూటర్లని దానికి తగిలించింది నేనే. దానికి మానిటర్ లేదు, కీబోర్డు లేదు. గుణుపురంలో కూర్చుని వైర్‌గార్డ్ (ఇంటర్నెట్‌లో సొంత సొరంగం లాంటిది) మీదుగా ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి కమాండ్లు కొట్టే పద్ధతి) లోపలికి వెళ్లి పని చూసుకునేవాణ్ణి. గొప్పగా ఉండేది.

చిక్కేమిటంటే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రూటర్ దానికి కొత్త అడ్రస్ ఇచ్చేది. బిల్లింగ్ కంప్యూటర్లు పాత అడ్రస్ కోసం వెతుక్కుని 'సర్వర్ లేదు' అనేవి. మా వైపు కరెంటు సంగతి మళ్లీ చెప్పాలా! దసరా రద్దీ ముందు ఈ పీడ వదిలించుకుందామని ఒక సాయంత్రం నెట్‌ప్లాన్ ఫైల్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు ఉండేది) తెరిచి ఫిక్స్‌డ్ అడ్రస్ రాశాను. కొట్టులో రూటర్ 192.168.0.1. మా ఇంట్లోది 192.168.1.1. వేళ్లు ఇంటి అలవాటే పోయాయి. అడ్రస్ 192.168.1.50, గేట్‌వే, అంటే బయటికి దారి చూపే రూటర్, 192.168.1.1 అని కొట్టి, నెట్‌ప్లాన్ అప్లై (sudo netplan apply) అన్నాను.

ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ఎందుకొస్తుంది? రాత వరకు అంతా సరిగ్గానే ఉందిగా, ఆ అడ్రస్ ఉన్న రూటర్ కొట్టులో లేదన్న సంగతి దానికెలా తెలుస్తుంది. కర్సర్ ఆగిపోయింది. రెండు నిమిషాల తర్వాత ఫోను.

"ఒరే అల్లుడూ, ఏటి సేసినావురా? మూడు కంప్యూటర్లూ మొండికేసినాయి. కొట్టు నిండా జనం."

పాత ఫైల్‌కి కాపీ తీసుకున్నానా? లేదు. సరే, టీవీ తెచ్చి తగిలించమన్నాను, కీబోర్డు ఒకటి పీకి పెట్టమన్నాను. కౌంటర్ దగ్గర ఉండే ఒడియా కుర్రాడికి ఫోనులో ఒక్కో అక్షరం చెప్పడం మొదలుపెట్టాను. పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోయాడు.

"భాయినా, కీబోర్డు పాడైపోయింది. ఎంత కొట్టినా అక్షరం పడట్లేదు."

పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్క కూడా కనబడదురా బాబూ, కొట్టేసి ఎంటర్ నొక్కు అని నమ్మించడానికి పది నిమిషాలు. ఇక ఆ నెట్‌ప్లాన్ ఫైల్, దాన్ని రాసే యామ్‌ల్ (YAML) పద్ధతి! ఏ లైను ఎన్ని స్పేసుల లోపలికి జరగాలో అంతా లెక్క. రెండు స్పేసులంటే వాడు ట్యాబ్ కొట్టాడు, అది చూసి నెట్‌ప్లాన్ ఒప్పుకోలేదు. ట్యాబ్ తీయమంటే లైనే తీసేశాడు. వాణ్ణి అనలేం, వెనక ఇరవై మంది "నా బిల్లు, నా బిల్లు" అంటున్నారు. సెట్టింగులన్నీ ఇలా ఖాళీల మీద నిలబెట్టాలని ఎవరికి తట్టిందో గానీ, వాళ్లు ఒక్కసారి ఫోనులో డిక్టేషన్ ఇచ్చి ఉంటే ఈ పని చేసేవాళ్లు కాదు.

చివరికి మావయ్య అటక మీద నుంచి కార్బన్ బిల్లు పుస్తకాలు దింపించాడు. నేను మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. 1900లో పర్లాకిమిడి రాజావారు మెయిన్ లైన్ మీదున్న నౌపడ దాకా వేయించిన చిన్న రైలు లైనే తర్వాత గుణుపురం దాకా పెరిగింది. ఇప్పుడు బ్రాడ్ గేజ్. కిటికీ పక్కన కూర్చుని దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

కొట్టుకి వెళ్లాక పని అయిదు నిమిషాలు. ఐపీ ఏ (ip a) కొట్టి నెట్‌వర్క్ కార్డు పేరు, అడ్రస్ చూశాను. ఫైల్ సరిచేశాను. ఐపీ రూట్ (ip route) కొట్టి దారి ఎటు పోతోందో చూశాను. ముందు రూటర్‌కి పింగ్ (పలుకుతోందా అని పిలిచి చూడటం), తర్వాత బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ అడ్రస్ 8.8.8.8కి పింగ్, ఆ తర్వాత ఏదైనా వెబ్‌సైటు పేరుకి పింగ్. ఈ వరస మార్చకండి. అంకెలకి జవాబొచ్చి పేరుకి రాకపోతే డీఎన్ఎస్ (పేర్లని అంకెల అడ్రసులుగా మార్చేది) దగ్గర తేడా. రూటరే పలకకపోతే కేబులో, అడ్రసో. మీ ప్రశ్నకి అసలు జవాబంటూ ఉంటే ఇదే.

ఇంతకీ గేట్‌వే అంటే ఏటిరా అన్నాడు మావయ్య. మన లైన్లో వాళ్లు విశాఖపట్నం పోవాలన్నా, బరంపురం పోవాలన్నా ముందు నౌపడ చేరి మెయిన్ లైన్ పట్టాలి కదా, ఆ నౌపడే గేట్‌వే అన్నాను. నేను నిన్న లేని నౌపడకి టిక్కెట్టు కొట్టాను, అంతే. వెంటనే అర్థమైంది ఆయనకి. ఈ మధ్య కొందరు గేట్‌వేని 'ముఖద్వారం' అని, సర్వర్‌ని ఇంకేదో అని రాస్తున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, వాడుక మాట కోసం ఆయన అంత పోరాడింది ఇందుకా?

కాబట్టి నా సలహా. మొదటి నెల రోజులు మిషన్ ముందు కూర్చునే చేయండి, ఎస్‌ఎస్‌హెచ్ వద్దు. దూరం నుంచి చేయక తప్పకపోతే నెట్‌ప్లాన్ అప్లై బదులు నెట్‌ప్లాన్ ట్రై (sudo netplan try) అనండి. 120 సెకన్లలో మీరు ఎంటర్ కొట్టకపోతే పాత సెట్టింగులకి అదే వెనక్కి పోతుంది. ఈ ముక్క నాకు ఆ రైల్లో ఫోను చూస్తుంటే తెలిసింది. బయటి కనెక్షన్లని అడ్డుకునే యూఎఫ్‌డబ్ల్యూ (ufw) ఫైర్‌వాల్ కూడా అంతే, ముందు ఎస్‌ఎస్‌హెచ్‌కి అనుమతి ఇచ్చాకే ఎనేబుల్ చేయాలి. కార్డు పేరు ఈటీహెచ్ జీరో (eth0) అని చెప్పే పాత పాఠాలు చూసి గుడ్డిగా కాపీ కొట్టకండి, ఇప్పుడు చాలా మిషన్లలో పేరు ఈఎన్ (en) అనే మొదలవుతుంది. నిజానికి రూటర్‌లోనే ఆ మిషన్‌కి ఒక అడ్రస్ రిజర్వ్ చేసి ఉంటే నాకీ గొడవంతా లేకపోను.

మొన్న కొట్టుకి వెళ్తే మెట్ల కింద గోడ మీద మార్కర్‌తో 192.168.0.50, దాని కింద 192.168.0.1 అని రాసి ఉన్నాయి. కుర్రాడి చేతిరాత. రెండో అంకె పక్కన మావయ్య తన రాతతో ఒక్క మాట చేర్చాడు: నౌపడ.