బుజ్జమ్మకి, ఫ్యాన్ రెక్క మీద పేరు గురించి

బుజ్జమ్మా,

మొన్న రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. చర్చి క్వయర్‌లో ముందు వరుసలో నిలబడి కళ్ళు మూసుకుని పాడుతున్నా కూడా, లోపల మాత్రం ఎవరెవరు చూస్తున్నారో అన్న ధ్యాసే ఉంటోంది అత్తా, ఇదంతా నటనేమో, అన్నీ మానేయనా అని అడిగావు. ఏడవకు తల్లీ. ఆ మాట నిన్ను గుచ్చుతోందంటే లోపల ఇంకా ప్రాణం ఉన్నట్టే. నన్నైతే ఏళ్ళ తరబడి ఏదీ గుచ్చలేదు.

నీకెప్పుడూ చెప్పలేదు గానీ, మా మందిరానికి స్లాబ్ వేసిన ఏడాది మీ మావయ్యా నేనూ ఒక సీలింగ్ ఫ్యాన్ ఇచ్చాం. రెక్క మీద ఎర్ర పెయింట్‌తో మా ఇద్దరి పేర్లు నేనే దగ్గరుండి రాయించాను. ఫ్యాన్ తిరుగుతుంటే పేరు కనబడదు కదా, ఆగితేనే కనబడతాది. ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోయి అందరూ చెమటలు తుడుచుకుంటూ పిల్లలకి విసురుకుంటూ ఉంటే నేను మెల్లగా పైకి చూసేదాన్ని, ఆ రెక్క ఎటు తిరిగి ఆగిందో, స్త్రీల వైపు కూర్చున్నవాళ్ళకి కనబడుతోందో లేదో అని. దేవుని సన్నిధిలో కూర్చుని నేను చేసిన పని అది. ఇప్పుడు తలుచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది.

స్త్రీల సమాజంలో ప్రార్థన ఎవరు చేస్తారంటే నా పేరే చెప్పేవాళ్ళు, పావుగంట ఆగకుండా చేసేదాన్ని. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను వచ్చింది ఆదివారం నాడే, గుర్తుందా? ఆరాధన లేదు, ఫోన్లు లేవు, మీ మావయ్య ఊళ్ళో లేరు. కంచరపాలెం ఇంట్లో నేనొక్కదాన్నే వంటింటి గట్టు కింద కూర్చున్నాను, కిటికీ రెక్క ఊడిపోయి వాననీళ్ళు బియ్యం డబ్బా దాకా వచ్చేశాయి, బయట చెట్టు విరిగిన చప్పుడు. ప్రార్థన చేద్దామని నోరు తెరిచాను. సర్వోన్నతుడవైన పరలోకపు తండ్రీ అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. వినేవాళ్ళు లేకపోయేసరికి మాటే రాలేదమ్మా. చాలాసేపటికి, యేసయ్యా నాకు భయమేస్తంది అన్న ఒక్క ముక్క వచ్చింది. బాప్తిస్మం తీసుకున్న ఇన్నేళ్ళకి నేను చేసిన మొదటి ప్రార్థన అదేనని నాకు నమ్మకం.

అందుకని నీకు మొదట చెప్పేది ఇదే, రోజూ కాసేపు ఎవరికీ తెలియని ప్రార్థన పెట్టుకో. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువు గదిలోకి వెళ్ళి తలుపేసుకో అన్నాడు కదా, మన రెండు గదుల ఇళ్ళల్లో ఆ గది ఏది అంటావేమో, మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన జాగా చాలు. ఫోన్ కింద వదిలేసి వెళ్ళు. కూటాల భాష వద్దు, మీ అమ్మతో ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడు, కోపం ఉంటే కోపమని చెప్పు. 88వ కీర్తన చదివావా? చీకటి గురించే మాట్లాడి చీకట్లోనే ముగుస్తాది, చివర్లో స్తోత్రం కూడా ఉండదు, అయినా అది బైబిల్లో ఉంది. రెండు నిమిషాలే మాట్లాడగలిగితే రెండు నిమిషాలకే లేచి వచ్చేయ్. ఇవాళ గంటసేపు మోకాళ్ళ మీద ఉన్నానని యూత్ గ్రూపులో పెట్టావంటే మాత్రం మళ్ళీ మొదటికొచ్చినట్టే.

కానుక సంగతి కూడా అంతే. నీ జీతంలోంచి ఎవరికైనా స్కూలు ఫీజో మందులో కడితే ఆ మాట నాక్కూడా చెప్పకు. ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమ దినాల్లో ఉపవాసం ఉంటే తలంటుకుని, ముఖం కడుక్కుని, చక్కగా ఆఫీసుకి వెళ్ళు, ప్రభువు చెప్పింది కూడా అదే. దేవుడు చేసిన మేలు గురించి సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు జరిగినదానికి చిన్న ముక్క కూడా కలపకు. జ్వరం మాత్రతో తగ్గితే మాత్రతో తగ్గిందనే చెప్పు, దేవుడు దానికేమీ చిన్నబోడు. ఆ కలిపే అలవాటు ఎంత తీపిగా ఉంటాదో నాకు తెలుసు కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇంకో విషయం, నువ్వు దాన్ని పట్టించుకోలేదు గానీ నాకు అదే ఎక్కువ బాధనిపించింది. రుషికొండ ఆఫీసులో లంచ్ దగ్గర కళ్ళు మూసుకుని ప్రార్థన చేయడానికి సిగ్గేస్తోంది, టీమ్‌లో ఏమనుకుంటారో అని బాక్సు తెరిచి తినేస్తున్నా అన్నావు. గుళ్ళో ఎక్కువ చూపించడం, ఆఫీసులో దాచేయడం, రెండూ ఒకటే జబ్బమ్మా. రెండు చోట్లా జనాన్నే చూస్తున్నావు. మీ వెలుగు మనుషుల ఎదుట ప్రకాశించనివ్వండి అన్నది కూడా ఆ కొండమీది ప్రసంగంలోనే, ఐదో అధ్యాయంలో. ఒకచోట కనబడనివ్వమంటాడు ఇంకోచోట దాచమంటాడు ఇదేటి అని నేను చాలాకాలం తికమకపడ్డాను. ఐదో అధ్యాయంలో ఆ వాక్యం చివరిదాకా చదువు, చూసినవాళ్ళు తండ్రిని మహిమపరచాలి అని ఉంటాది. ఆరులో వద్దన్నది మనుషులకు కనబడాలని చేయడం. కాబట్టి లంచ్‌లో కళ్ళు మూసుకో, గట్టిగా అననక్కర్లేదు, మామూలుగా మూసుకుని మామూలుగా తెరువు.

క్వయర్ మానకు. మానేస్తే ఇప్పుడు నేను నిజాయితీగా ఉన్నాను అని నలుగురికీ చెప్పుకోవాలనిపిస్తాది, అదీ ప్రమాదమే. పాడు, పాడాక ఆగి చాపలు మడత పెట్టు, మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల అయ్యాక ఆ చిన్న కప్పులు కడిగే ఆవిడ పక్కన కూర్చుని కడుగు. బాగా పాడావని ఎవరైనా అంటే వందనాలండి అని ఊరుకో, అయ్యో నాదేముందండీ అంటూ సాగదీయకు. అన్నట్టు, మీ అమ్మ మీద విసుక్కుని తలుపు ధడాలున వేసి ప్రాక్టీస్‌కి వెళ్ళావట, మీ అమ్మ చెప్పలేదు, నాకు తెలిసింది. పాటకంటే ముందు అది సరిచేసుకో.

నిరాశగా ఉంటే మన ఊరికే వచ్చిన ఇద్దర్ని తలుచుకో. 1805లో లండన్ మిషన్ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని సువార్త తర్జుమా మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు పోయారు. మత్తయి, మార్కు, లూకా శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. చేసిన పని పుస్తకంగా చూసుకోనే లేదు వాళ్ళు. ఆరో అధ్యాయం చదువుతున్నప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తారు.

ఆ ఫ్యాన్ ఇంకా తిరుగుతోంది. పోయిన క్రిస్మస్‌కి రంగులు వేస్తున్నప్పుడు పెయింటర్ కుర్రాడిని అడిగి రెక్కలు మొత్తానికి తెల్లరంగు వేయించేశాను, ఎందుకంటే ఏమీ చెప్పలేదు. ఇప్పుడు నీకు చెప్పేశాను, ఇంకెవరికీ చెప్పకు.

శనివారం ప్రాక్టీస్ అయ్యాక ఇంటికి రా. వంజరం పులుసు పెడతాను. అన్నం ముందు ప్రార్థన చేయమని నిన్ను అడగనులే, నేనే చిన్నగా చేసేస్తాను.

మీ అత్త